ఆట

కస్తూరికి అది తొమ్మిదో రోజు.
నెత్తిన ఎర్ర 'ఎల్' మోసే మా స్కూలు మారుతి
మడపాం వంతెన ఎక్కింది. వంశధార మీంచి అడ్డగాలి.
కారు ఎడమకి ఓ మూర జరిగింది.
తను స్టీరింగు తిప్పింది, బండి తిరగలేదు.
ఇంకాస్త తిప్పింది, ఒక్కసారిగా కుడికి దూకింది.
వెనక లారీ హారను
నరసన్నపేట దాకా మా వీపుల మీదే కూచుంది.

"నీ చేతుల్లో నిలకడ లేదమ్మా" అన్నాను.
ఆ మాట ఎప్పుడూ నా నోట్లో నానుతూనే ఉంటుంది,
ఇప్పటికి ఎంతమందికి వడ్డించానో.
కస్తూరి ఏమీ అనలేదు.
బెల్టు విప్పి, చీర మడతలా సర్ది పక్కన పెట్టి
తను పనిచేసే గుడ్డల కొట్టుకి నడిచి వెళ్లిపోయింది.
పదో రోజు రాలేదు. పదకొండో రోజూ.

జమ్ము కూడలి దగ్గర దండాసి షెడ్డు.
ముప్పై ఏళ్ల సుత్తి దెబ్బలకి
చెవులు ఆయన్ని వదిలేసి చాలా కాలమైంది.
జబ్బు పేరు చెప్పే పని లేదు,
స్టీరింగు మీద రెండు వేళ్లు ఆనించి ఊపి చూపించాను.
ఆయన కొలిచాడు బొటనవేలితో, చూపుడువేలితో:
"రొండంగుళాలు ఆట! ఇన్నాళ్లూ ఎలగ నడిపేవే తల్లీ?"

కిందకి దూరాడు.
రేకు మీద ఒక తన్ను తంతే ఊపాలి, రెండు తంతే ఆపాలి.
నేను ఊపుతున్నాను.
ఆయన అరచెయ్యి ఒక్కో కీలు మీదా ఆగి ఆగి పోతోంది,
చీకట్లో గొర్రెల వీపులు తడిమి లెక్కపెట్టే కాపరిలా.
కాలమ్ జాయింటు, కాదు.
ర్యాకు బుష్షులు, కాదు.
తర్వాత చాలాసేపు ఏ కబురూ లేదు.
ఆఖరికి రెండు తన్నులు.

ఎడమ టైరాడ్ ఎండు.
రబ్బరు టోపీ చిరిగి, గ్రీజు ఇసుకతో కలిసి,
గిన్నెలో కుదురుగా ఉండాల్సిన గుండు
పుచ్చిపోయిన పన్నులా కదులుతోంది.

పిన్ను లాగి, నట్టు విప్పి,
పక్కనుంచి రెండే దెబ్బలు కొట్టాడు. టప్పున ఊడింది.
మర మీంచి దాన్ని తిప్పుతూ
లెక్కెట్టమని నాకు వేళ్లు చూపించాడు.
పదమూడు, పద్నాలుగు, పదిహేనున్నర.
"కొత్తదీ అన్నే సుట్లు ఎక్కాల.
తేడా వొస్తే టైర్లు రొండూ
దెబ్బలాడుకున్న తోటికోడళ్లే, సెరో దిక్కూ సూత్తాయి."

పాతది నా చేతిలో పెట్టాడు. బరువు. జిడ్డు.
క్లచ్చు ఏదని రోజూ అడిగిన పంచాయతీ గుమాస్తా,
గేదె అడ్డొస్తే కళ్లు మూసుకున్న నర్సమ్మ,
కదలని కారులో స్టీరింగు మెలితిప్పిన వాళ్లందరి భయం
దిగి దిగి ఈ గోలీ మీదకే చేరింది కాబోలు.
పక్క సీట్లో నేను
చేతుల్నే చూశాను. కింద చూడలేదు.

కస్తూరి చేతులు నాకు తెలియనివా?
కత్తెర నోరు తెరిచి పట్టుకుని
ఐదు గజాల గుడ్డలో ఇట్టే పోనిస్తుంది, పోగు తప్పదు.
అంత తిన్నని గీత హైవే వాళ్లు కూడా గీయలేదు.
నా జాకెట్టు ముక్కలన్నీ ఆమె కోసినవే.

"ఆట మొత్తం పోయిందా?" సైగ చేశాను.
నూలు తాడు కట్టి చక్రాలు సరిచూస్తూ నవ్వాడు దండాసి.
"మొత్తం ఎందుకు తీత్తాను? సిటికెడుంచాల.
ఆటే నేపోతే
నీ సెయ్యి ఒణికినప్పుడల్లా బండీ ఒణుకుద్ది."

వంతెన మీదకి ఒక్కదాన్నే తీసుకెళ్లాను.
గాలి అదే. కారు మాట విన్నది.

తిరిగొచ్చి గుడ్డల కొట్టు ఎదురుగా ఆపాను.
లోపల కస్తూరి ఎవరికో పావడా గుడ్డ కొలుస్తోంది.
తల ఎత్తలేదు. ఎత్తిందేమో కూడా.
అరిగిన ఎండు సంచిలో ఉంది,
ఆమె బల్ల మీద పెట్టాలి.
పెట్టి ఏమనాలి?
ఇంజను ఆపకుండా కూచుని
మాటని నోట్లో అటూ ఇటూ తిప్పుతున్నాను,
ఇంకా ఎక్కడా పట్టడం లేదు.